వేడి తగిలిన గూడు

నేను ఒక సూక్ష్మదర్శినిని. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు తప్ప నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. మైక్రోస్కోపు అంటేనే నేను పలుకుతాను. అంబాలాలో ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో పుట్టాను. నా కటకాలను సానబట్టిన పెద్దాయన కళ్లకు సోడాబుడ్డి అద్దాలుండేవి. ఎదుట నిలబడ్డ మనిషిని పోల్చుకోవడానికి తడుముకునే ఆయన, కంటికి ఆనని వాటిని చూసే చూపు నాకిచ్చాడు. మనుషుల్లో నేను గమనించిన మొదటి చిత్రం అది. తమకు లేనిదాన్ని ఎంత శ్రద్ధగా తయారుచేసి ఇంకొకరికిచ్చేస్తారో!

అక్కడినుంచి గడ్డి కుక్కిన చెక్కపెట్టెలో రైలెక్కి కరీంనగర్ వైపు ఒక పశువైద్య కేంద్రానికి చేరాను. మేలుజాతి ఆబోతుల వీర్యం సేకరించి, గడ్డకట్టించి, పల్లెల్లోని పశువుల దవాఖానాలకు పంపే చోటు అది. నరహరి అనే డాక్టరు నా యజమాని. ఒక చుక్క అద్దం పలక మీద వేసి నా కింద పెట్టేవాడు. ఆ చుక్కలో జాతర జరిగేది. తలలు, తోకలు, తోపులాట. నరహరి మురిసిపోయి, "ఏం జోరున్నదిరా వీనికి!" అని అందరినీ పిలిచి చూపించేవాడు. ఆబోతు గొప్పతనాన్ని గోడమీద సుద్దముక్కతో రాసేవారు. అదే పరీక్ష మనిషికి చేయవలసి వస్తే ముఖానికి తువ్వాలు చుట్టుకుని, దొంగపేరు చెప్పి వస్తాడని నాకు అప్పటికి తెలియదు.

ఒక ఏడు వేసవి మహా ముదిరింది. చెట్లకింద కట్టేసిన ఆబోతులు నాలుకలు చాపి రొప్పాయి. అప్పుడేమీ కాలేదు. వానలు పడి, నేల చల్లబడి, పశువులు తేరుకున్నాక చుక్కలో జాతర చెదిరిపోయింది. తోకలు తెగినవి, తలలు వంకరపోయినవి, కదలనివి. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్ర డాక్టర్లు తెల్లబోయారు. నరహరి వాళ్లకు చెప్పిన మాటలు నేను విన్నాను.

"ఎండల తగిలిన దెబ్బ ఇప్పుడు బయటపడుతున్నది. వీర్యకణం ఒక్క దినంల తయారుకాదు. వృషణంల నెలలకొద్ది పెరుగుతది. ఆ సంచి ఒంటి బయట ఎందుకు వేలాడుతున్నదనుకున్నరు? ఒంట్ల ఉండే వేడి గూడ దానికి ఎక్కువే. కొంచెం చల్లగ ఉండాలె. ఆబోతుల తప్పు లేదు, అవి ఉన్న తావుల తప్పున్నది."

కొన్నేళ్లకు అక్కడికి కంప్యూటరు తగిలించిన కొత్త యంత్రాలు వచ్చాయి. నన్ను విరిగిన కుర్చీలతో, తుప్పుపట్టిన బీరువాతో కలిపి వేలానికి పెట్టారు. అప్పుడు నన్ను కొనుక్కున్నవాడే లక్ష్మీరాజం. నేను చెప్పబోయేదంతా అతని కథే.

లక్ష్మీరాజంది కోరుట్ల. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, సర్కారు దవాఖానాలో రక్తపరీక్షల పని నేర్చుకుని, తర్వాత బస్టాండు వెనక సొంతంగా ల్యాబు పెట్టుకున్నాడు. సన్నటి మనిషి. మాట మెల్లగా, పని మరీ మెల్లగా ఉండేది. నా కటకాలను మల్లుగుడ్డతో తుడిచేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. అనుమానం వస్తే రెండోసారి, మూడోసారి చూసేవాడు గానీ ఉజ్జాయింపుగా రాసేవాడు కాదు. "రాజం సారు చూసిండంటే చూసినట్టే" అని ఊళ్లో డాక్టర్లు అతని కాగితం మీద మరో మాట అడక్కుండా మందులు రాసేవారు. మలేరియా, కామెర్లు, తీపిమూత్రం, అన్నీ అతని చేతిమీదుగా తేలేవి. తువ్వాలు చుట్టుకొచ్చిన మగవాళ్ల చుక్కలు కూడా. వాళ్లతో అతను ఒక్కనాడూ నవ్వలేదు, మరొకరితో చెప్పనూ లేదు. అంత నమ్మకస్తుడు.

అతని భార్య శకుంతల మధ్యాహ్నం టిఫిను గిన్నె తెచ్చి, అతను తింటుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. ఒక్కడే కొడుకు, పేరు విద్యాసాగర్, అందరికీ సాగర్. కరెంటు సబ్‌స్టేషనులో పని. అతనికి సౌజన్యనిచ్చి పెళ్లిచేశారు. ఆమె ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేది. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో బడినుంచి వస్తూ ల్యాబు మెట్లెక్కి, "మామయ్యా, చాయ్ తాగినారా?" అని అడిగి పోయేది. ఆమె వచ్చి వెళ్లాక లక్ష్మీరాజం కాసేపు ఏదో పాట గొణుక్కునేవాడు.

పెళ్లయి కొంతకాలం గడిచింది. కడుపు పండలేదని ఇంట్లో మాట మొదలైంది. డాక్టరమ్మ ముందు మగమనిషికి పరీక్ష చేయించమంది. సాగర్ సిగ్గుపడి జగిత్యాల పోతానంటే, "ఎక్కడికో ఎందుకురా, నేను లేనా?" అని లక్ష్మీరాజమే అన్నాడు.

ఆ పొద్దున రద్దీ తగ్గాక అతను ఆ చుక్కను నా కింద పెట్టాడు. నేను చూశాను, నాతోపాటు అతనూ చూశాడు. తలలు లేవు, తోకలు లేవు, విరిగినవి కూడా లేవు. వాన వెలిసిన మైదానంలా తెల్లగా, ఖాళీగా ఉంది. అతను పలకను ఈ చివరనుంచి ఆ చివరకు జరిపాడు. మరో పలక వేశాడు. మిగిలినదాన్ని గొట్టంలో పోసి యంత్రంలో గిరగిర తిప్పి, అడుగున పేరుకున్న మడ్డిని వేసి చూశాడు. అందులోనూ ఏమీ లేదు. నా కంటికి తన కన్ను ఆనించి అలాగే ఉండిపోయాడు. అతని కనురెప్ప తడి నా అద్దానికి అంటుకుంది.

గుమ్మంలోనుంచి సాగర్ తొంగిచూశాడు. "ఎట్లున్నది బాపూ?"

లక్ష్మీరాజం తలెత్తాడు. కొడుకు ముఖంలో పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ బడిపిల్లవాడి భయం ఉంది.

"మంచిగనే ఉన్నది పో బిడ్డా. ఏం ఫికరు లేదు."

సాగర్ భుజాలు ఒక్కసారి తేలికపడ్డాయి. నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఆ మాటే కాగితం మీద కూడా పడింది. లక్ష్మీరాజం నా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. మరక పోయింది. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

మనుషులు అబద్ధం చెప్పేటప్పుడు అది ఆ ఒక్క క్షణానికే అనుకుంటారు. తర్వాత దానికి కూడా రోజూ అన్నం పెట్టి పోషించాలని వాళ్లకు తోచదు. సాగర్‌లో లోపం లేదని తేలాక చూపులన్నీ సౌజన్య వైపు తిరిగాయి. ఆమె రక్తం నెలనెలా మా ల్యాబుకే వచ్చేది. లక్ష్మీరాజం జాగ్రత్తగా పరీక్షించి, నిజమే రాసేవాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయని. అతను ఆమె గురించి రాసిన నిజాలన్నీ ఆమెకే ఎదురుతిరిగాయి. ఏ లోపమూ దొరకనికొద్దీ, లోపం ఇంకెక్కడో లోతుగా ఉందనుకున్నారు. మాత్రలు మింగించారు. సూదులు పొడిచారు. గర్భాశయంలోకి రంగునీళ్లు ఎక్కించి ఫొటోలు తీశారు. కడుపుకు రంధ్రం చేసి గొట్టంతో లోపల చూశారు. ఆమె ఒళ్లు ఉబ్బింది, ముఖం నల్లబడింది. బడినుంచి వస్తూ మెట్లెక్కడం మానేసింది.

శకుంతల కబుర్లు మారాయి. "ధర్మపురికి పోయొచ్చినం, కొండగట్టుకు పోయొచ్చినం. ఇగ ఏ దేవునికి మొక్కాలెనో చెప్పు. కొడుకుకు ఏం లేదని నువ్వే అంటివి కదా. మరి ఈ పిల్ల కర్మనే గద!" అనేది. లక్ష్మీరాజం ముద్ద నములుతూ నన్ను చూసేవాడు.

ఒకరోజు ఆమె తన అన్న కోడలి శ్రీమంతం ముచ్చట చెప్పింది. "అందరం గాజులు తొడిగినం. సౌజన్య గాజులు వట్టుకొని లేచింది. మా వదిన సైగ జేసింది, నేనే ఆపిన. ఏం జేస్త మరి? పది మంది ముంగట మంచి జరుగుతుంటే అడ్డం దేనికని. పిల్ల ఏమనలేదు, పోయి వంటింట్ల కూసున్నది." అతను ముద్దను గిన్నెలో వదిలేశాడు. గిన్నె మూతపెట్టి, "ఆకలైతలేదు" అన్నాడు. "సాగర్‌కు మల్ల పెండ్లి జేద్దామని మా అన్న అంటున్నడు" అని ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది.

ఆ తర్వాత అతని పని మందగించింది. రాసిందే తిరిగి చదువుకునేవాడు. మలేరియా పలకను కూడా ఎంతోసేపు చూసి, చివరికి కళ్లు నలుపుకుంటూ కూర్చునేవాడు. నిజం చెప్పాలని ఎన్నోసార్లు కొడుకుకు ఫోన్ కలిపి, వాడు ఎత్తగానే, "ఏం లేదు, తిన్నవా?" అని పెట్టేసేవాడు. నేనూ చూశాను ఆ ఖాళీని. కానీ నాకు నోరు లేదు.

సౌజన్యకు రెండోసారి ఆపరేషన్ చేసి చూద్దామని డాక్టరమ్మ అంది. దానికి ముందు రక్తపరీక్షలు కావాలి. ఆమె ఒక మధ్యాహ్నం ల్యాబుకు ఒక్కతే వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. లక్ష్మీరాజం రబ్బరు గొట్టం బిగించి నరం కోసం వేలితో తడిమాడు.

"ఆ చేతికి వద్దు మామయ్యా. పొడిచి పొడిచి నల్లగైంది. ఈ చేతికి తియ్యున్రి."

అతను చూశాడు. మోచేతి మడతలో పాత మచ్చలన్నీ తన సూది చేసినవే. రెండో చేతికి గొట్టం కట్టాడు. సూది చేతిలోకి తీసుకున్నాడు.

"మామయ్యా, ఒకటడుగుత. ఇన్ని దినాల సంది నా రిపోర్టులన్ని మీరే చూస్తున్నరు. నాల ఏం తక్కువున్నదో మీకన్న తెలుసా? డాక్టరమ్మ చెప్పదు. దేవుడు చెప్తలేడు. తెలిస్తే చెప్పున్రి, ఏమనుకోను."

సూది ట్రేలో పెట్టేశాడు. గొట్టం విప్పాడు.

"నీల ఏం తక్కువ లేదు బిడ్డా."

"అందరు గట్లనే అంటరు."

"అందరి లెక్క గాదు. నేను చూసి చెప్తున్న. తక్కువ సాగర్‌ల ఉన్నది. వాని చుక్కల ఒక్క కణం గూడ లేకుండె. నాకు ఎర్కే. పరీక్ష చేసిన్నాటి సంది ఎర్కే."

ఆమె ఏడవలేదు. చాపిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని కొంగు కప్పుకుంది. "ఆయనకు ఎర్కేనా?"

"లేదు. వానికి గూడ అబద్ధమే చెప్పిన."

"ఎందుకు?"

లక్ష్మీరాజం గోడకానుకుని చెప్పాడు. అతనికి భూమయ్య అని తమ్ముడుండేవాడు. గజ్జల్లో బుడ్డ వస్తే చిన్న ఆపరేషనన్నారు. మత్తిచ్చారు, పిల్లవాడు మళ్లీ లేవలేదు. ఆ తర్వాత సాగర్ పుట్టాడు. "దవాఖానల పెద్ద నర్సమ్మ నాతోని చెప్పింది. పిలగానికి గోలీలు, అవే వృషణాలు, రెండు సంచిలకు దిగలేదు, కడుపులనే ఉన్నయి, చిన్నతనంలనే ఆపరేషన్ చేపియ్యున్రి అన్నది. నాకు కత్తి పేరెత్తితే భూమయ్యే కండ్లల్ల మెదిలిండు. దిగుతయి తియ్యి, ఇంక టైమున్నది తియ్యి, అనుకుంట పోయిన. వాడు ఆరో తరగతికొచ్చినంక నొప్పి లేస్తే అప్పుడు చేపిచ్చిన. నేను ఇదే పనిల ఉండి గూడ ఆలస్యం చేసిన. ఆనాడు ఆ చుక్క చూసినంక, నా చేతులతోటి జేసిన పనే కదా అనిపిచ్చింది. వాడు గుమ్మంల నిలవడి అడిగిండు. వాని ముఖం చూస్తే నోరు రాలేదు బిడ్డా."

సౌజన్య లేచి నిలబడింది. "మరి నా ముఖం ఎన్నిసార్లు చూసిన్రు మామయ్యా?"

ఆమె సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"నాకు చెప్పినట్టే ఆయనకు చెప్పున్రి, అత్తమ్మకు చెప్పున్రి. నన్ను ఎవలెవల ముంగట ఏమేమన్నరో, వాళ్లందరికి మీరే పోయి చెప్పున్రి. నేను చెప్ప. నేను చెప్తే ఎవలు నమ్మరు."

ఆమె ఆ సాయంత్రమే మెట్‌పల్లిలో పుట్టింటికి వెళ్లింది. మర్నాడు సాగర్ వచ్చాడు. తండ్రి చెప్పవలసినదంతా చెప్పాడు. సాగర్ అరుస్తాడని, బల్లమీద ఉన్నవి విసిరేస్తాడని నేను భయపడ్డాను. అతను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు లేకపోతే లేకపాయె బాపూ. ఆపరేషన్ గూడ పోనీ, భయపడ్డవు. కానీ దాని కడుపు కోస్తుంటే దవాఖాన బయట నువ్వు నా పక్కకే కూసున్నవు. నాకు చాయ్ తెచ్చిచ్చినవు."

"అవును" అన్నాడు లక్ష్మీరాజం.

"ఆ చాయ్ నేను తాగిన."

సాగర్ లేచాడు. వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం తండ్రితో మాట్లాడలేదు.

కోడలు పెట్టిన షరతును లక్ష్మీరాజం నెరవేర్చాడు. ఆ సంగతి నేను కళ్లతో చూడలేదు. పరీక్షలకొచ్చిన చుట్టాల నోటివెంట విన్నాను. శకుంతలకు చెప్పిన రోజు ఆమె రోజంతా పొయ్యి రాజెయ్యలేదట. తర్వాత తానే మెట్‌పల్లికి పోయి, కోడలి ఎదుట గడపమీద కూర్చుని మాట పెగలక తిరిగొచ్చిందట. లక్ష్మీరాజం శ్రీమంతం జరిగిన ఇంటికి పోయాడు, శకుంతల అన్నగారింటికి పోయాడు. చాయ్ తీసుకోకుండా, నిలబడే చెప్పేవాడట. కొందరు అతని ఎదుటే చెవులు మూసుకున్నారు. ఒకాయన, "ఇసొంటియి బయట చెప్పుకుంటరా?" అని మందలించాడు. సౌజన్య గురించి మాత్రం బయటే చెప్పుకున్నారు వాళ్లంతా.

సాగర్, సౌజన్య హైదరాబాదు వెళ్లారు. అక్కడ డాక్టర్ నుస్రత్ అనే పాథాలజిస్టు ఉంది. కండముక్కలను పరీక్షించి రోగం చెప్పే డాక్టరు. ఆమెకు లక్ష్మీరాజం ఏళ్లుగా నమూనాలు పంపుతుండేవాడు. ఆమె తనకు తెలిసిన సర్జన్ చేత సాగర్ వృషణాన్ని సూక్ష్మంగా వెతికించింది. చుక్కలోకి రాకపోయినా లోపల ఎక్కడో ఒక మూల కొన్ని కణాలు తయారవుతుండవచ్చునని వాళ్ల ఆశ. ఆ వెతుకులాటలో తీసిన కండముక్కను పలచగా కోసి, రంగులద్ది, అద్దం పలకలు తయారుచేసి, వాటిలో కొన్ని కోరుట్లకు పంపింది. సౌజన్యే వాటిని తెచ్చింది. సాగర్ ఆమె వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నుస్రత్ డాక్టరమ్మ మీతోని మాట్లాడుతదట. నాకు గూడ చూపియ్యున్రి" అంది సౌజన్య. ఆ రోజునుంచి మామతో ఆమె అన్న మొదటి మాట అది.

లక్ష్మీరాజం పలకను నా కింద పెట్టి, ఫోను స్పీకరు మీద పెట్టాడు. గులాబీరంగు, ఊదారంగు కలిసిన గుండ్రటి గదులు కనిపించాయి. అవన్నీ అడ్డంగా కోసిన సన్నటి గొట్టాలు. మగవాడి బీజం తయారయ్యే కర్మాగారాలు.

"రాజం గారూ, గొట్టం గోడ దగ్గర చూడండి" అంది నుస్రత్ గొంతు. "పొడుగ్గా నిలబడ్డ కణాలు కనిపిస్తున్నాయా? వాటిని సెర్టోలీ కణాలంటాం. దాదుల్లాంటివి. మామూలుగానైతే వాటి కాళ్లదగ్గర, గోడను ఆనుకుని మూలకణాలు కూర్చుంటాయి. జీవితాంతం బీజాన్నిచ్చే విత్తనపు కుదురు అదే."

"దాదులున్నయి డాక్టరమ్మా. వాటి దగ్గర ఎవరు లేరు" అన్నాడు లక్ష్మీరాజం.

"ఆ మూలకణం తనంతట తాను ఏదీ నిర్ణయించుకోదు. పక్కనున్న దాది సంకేతం పంపుతుంది. నువ్వు ఇక్కడే ఉండి నీలాంటిదాన్ని ఇంకొకటి తయారుచెయ్యి అని ఒక సంకేతం, నువ్వు కదిలి వీర్యకణంగా మారిపో అని ఇంకొకటి. మొదటిది తక్కువైతే ఉన్నవన్నీ వెళ్లిపోయి కుదురు ఖాళీ అవుతుంది. ఎక్కువైతే అవే గుంపుగా పెరుగుతాయి, వీర్యకణాలు రావు. గొట్టాల సందుల్లో ఉన్న కణాలు మగ హార్మోను పంపుతాయి. గోడ, రక్తనాళాలు, చుట్టూ ఉండే చల్లదనం, అన్నీ కలిస్తేనే అది గూడు. గూడు సరిగా ఉంటేనే మూలకణం నిలుస్తుంది."

"మరి సాగర్‌కు?" అన్నాడు లక్ష్మీరాజం.

"పుట్టిన మొదటి ఏడులోనే బీజకణాలు గొట్టం మధ్యనుంచి గోడదాకా నడిచొచ్చి, అక్కడ కుదురుకుని మూలకణాలవుతాయి. ఆ టైములో వృషణం కడుపులోనే ఉంటే ఒంటి వేడికి ఆ గూడు దెబ్బతింటుంది. చాలా కణాలు కుదురుకోకుండానే చచ్చిపోతాయి. తర్వాత కిందికి దింపినా పోయినవి తిరిగి రావు."

"ఆనాడే చేపిస్తే..."

"ఆనాడే చేయిస్తే అన్నీ బాగుండేవని నేను రాసివ్వలేను. కొందరికి తొందరగా చేయించినా లాభం ఉండదు. కానీ అవకాశం పెరిగేది. మీరు భయపడ్డారు. దానికి నేను మిమ్మల్ని ఏమీ అనను. రిపోర్టు సంగతి మాత్రం వేరు రాజం గారూ. మీ సంతకం చూసి ఇన్నేళ్లు నేను మళ్లీ పరీక్ష చెయ్యకుండా ఎన్నో కేసులు ముందుకు పంపాను. ఇప్పుడు అవన్నీ గుర్తొస్తున్నాయి నాకు."

లక్ష్మీరాజం తలవంచుకున్నాడు. తిట్టినా బాగుండేదనుకున్నాడేమో. ఆమె తిట్టలేదు.

గుమ్మం దగ్గరనుంచి సాగర్ అడిగాడు. "ఆ గూడును మళ్ల బాగుచేసుడు ఉంటదా మేడమ్?"

"దానిమీద పరిశోధనలు జరుగుతున్నాయి. నీకు ఇవ్వగల మందు మాత్రం ఇవాళ్టికి లేదు. కానీ మీ నాన్నగారిని ఇంకా వెతకమను. పలక కుడి అంచున చూడమను."

లక్ష్మీరాజం పలకను జరిపాడు. ఒక ఖాళీ గొట్టం, తర్వాత మరొకటి, ఆ తర్వాత మరొకటి. దాదులు వరసలుగా నిలబడి ఉన్నాయి, సాకడానికి ఎవరూ లేకుండా. అంచుకు చేరాక అతని చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఒక గొట్టం నిండుగా ఉంది. గోడకు ఆనుకుని ముదురురంగు మూలకణాలు, వాటిమీద వరసలు, నడిమధ్య సన్నటి తోకలు. చుట్టూ అంత ఎండిపోయినా ఆ ఒక్క గూడు ఎట్లా నిలిచిందో ఎవరికీ తెలియదు.

అతను పక్కకు జరిగి కోడలికి చోటిచ్చాడు. సౌజన్య వంగి, ఒక కన్ను మూసి చూసింది. ముందు నిండుగా ఉన్నదాన్ని, తర్వాత తానే పలకను జరుపుకుంటూ ఖాళీవాటిని. ఖాళీవాటి దగ్గరే ఎక్కువసేపు ఉంది.

"వీటి తప్పేమున్నది పాపం" అంది చివరికి. ఎవరితో అన్నదో నాకు తెలియలేదు.

అలాంటి చోట్లనుంచి సర్జన్ ఏరిన కొన్ని కణాలను హైదరాబాదులో గడ్డకట్టించి దాచారు. ఆ సంగతి ఫోనులో నుస్రత్ చెప్పినప్పుడు సాగర్ గోడవైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. తండ్రి వైపు మాత్రం రాలేదు.

ల్యాబు ఎక్కువకాలం నడవలేదు. మనుషులు రావడం మానలేదు. ఊరికి మరపు ఎక్కువ. కానీ లక్ష్మీరాజం చెయ్యి 'నార్మల్' అన్న మాట దగ్గర ఆగిపోయేది. పరీక్ష నాలుగైదుసార్లు చేసినా సంతకం పెట్టలేకపోయేవాడు. చివరికి ల్యాబు మూసేసి, నన్ను ఊరికి దగ్గర్లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇచ్చాడు. కిటికీపక్క బల్లమీద నేను మలేరియా పలకలు చూస్తూ కాలం గడుపుతున్నాను. అక్కడ నర్సు పేరు రాజమణి. గొంతు పెద్దది, మనసు మెత్తన.

పిల్లలకు టీకాలు వేసే రోజుల్లో లక్ష్మీరాజం వచ్చేవాడు. జీతం లేదు, ఎవరూ రమ్మనలేదు. వరండాలో తల్లుల దగ్గరికి పోయి, "మగపిలగాడేనా అమ్మా? గోలీలు రెండు సంచిల ఉన్నయో లేదో సూపిచ్చినారా?" అని అడిగేవాడు. ఒకామె కొంగుతో పిల్లవాణ్ని కప్పేసుకుంది. ఇంకొకామె అత్త, "ముసలోనికి సిగ్గు లేదు" అని గట్టిగానే అంది. అతను పక్కకు జరిగేవాడు, మళ్లీ వరసలో తర్వాతి తల్లి దగ్గరికి పోయేవాడు. మొదట్లో రాజమణి కూడా విసుక్కుంది. "మీరు అడగకున్రి సారూ, నేను చూస్తగని" అని తానే చూడటం మొదలుపెట్టింది. కొంతకాలానికి అతను రాని రోజున కూడా ఆమె చూసేది.

సాగర్‌కు, సౌజన్యకు బిడ్డ పుట్టిందా అని మీరు అడుగుతారు. అందరూ అదే అడుగుతారు. దాచిన కణాల్లో ఒకదాన్ని ఆమె అండంలోకి సూదితో పంపి ప్రయత్నించారు. నిలవలేదు. ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. మళ్లీ ఎప్పుడన్నది తానే చెబుతానంది సౌజన్య. ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు. ఇద్దరూ జగిత్యాలలో అద్దెకుంటున్నారు. సాగర్ పండుగలకు తల్లికి ఫోన్ చేసి, "బాపు తిన్నడా?" అని అడుగుతాడట.

మొన్నొక టీకాల రోజున వరండాలో సౌజన్య గొంతు వినిపించింది. ఆమె చెల్లెలు వెంట ఉంది. చంకలో బొద్దుగా ఉన్న మగపిల్లవాడు. తట్టు టీకా వయసు. లక్ష్మీరాజం వాళ్లను చూసి కుర్చీలోనుంచి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

సౌజన్య పిల్లవాణ్ని చెల్లెలి చేతిలోంచి తీసుకుని బల్లమీద పడుకోబెట్టింది. "చూడున్రి మామయ్యా" అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి."

రాజమణి చేతులు కడుక్కొచ్చి వేళ్లతో మెల్లగా తడిమింది. మరోసారి తడిమింది. లక్ష్మీరాజం ముఖంలోకి చూసింది. అతను వంగి చూశాడు. వరండా అంతా తల్లులు. పిల్లవాడి తల్లి గుడ్లప్పగించి నిలబడింది.

"ఎడమ దిక్కు దిగలేదమ్మా" అన్నాడు లక్ష్మీరాజం. "ఇగ దానంతటది దిగదు. ఏడాది నిండకముందే ఆపరేషన్ చేపియ్యాలె. చిన్నదే. చేపిస్తే పిలగానికి మేలు."

చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. "ఇంత పసిగుడ్డుకు మత్తిస్తరా? మా ఆయన ఒప్పుకోడు" అంది.

"భయమైతది బిడ్డా" అన్నాడు అతను. "అయినా చేపియ్యాలె."

సౌజన్య పిల్లవాడికి లాగు తొడిగి భుజానికెత్తుకుంది. వీపు నిమిరింది. "కరీంనగర్ దవాఖానకు నేను తోల్కపోత" అని చెల్లెలికి చెప్పింది. తర్వాత, అతని వైపు తిరగకుండానే, "మీరు గూడ రాండ్రి మామయ్యా" అంది.

ఆపరేషన్ రోజున లక్ష్మీరాజం ఇక్కడికి రాలేదు. రాజమణి నా దగ్గర కూర్చుని ఒక పలక చూస్తోంది గానీ, చూపు నిలవడం లేదు. ఫోను మోగగానే గబుక్కున ఎత్తింది. అవతలనుంచి లక్ష్మీరాజం, "ఇనమ్మా" అన్నాడు. అతని వెనక పసిపిల్లవాడు మత్తు దిగి, ఆకలికి, దవాఖాన అదిరిపోయేట్టు ఏడుస్తున్నాడు. రాజమణి ఫోను చెవినుంచి తీసి బల్లమీద పెట్టింది. ఆ ఏడుపు గదంతా నిండింది.